మళ్లీ వాడతామనే మాటకు రుజువేది?

“మా ఉత్ప్రేరకాన్ని వడగట్టి మళ్లీ వాడుకుంటాము. లోహం చుక్కంత కూడా బయటకు పోదు” అని ఒక రసాయన కర్మాగారం హామీ ఇస్తే, ఆ చుట్టుపక్కల ఊళ్లవారు ఏమని ప్రశ్నించాలి? ఆవడి నుండి తిరుత్తణి దాకా, ఇటు గుమ్మిడిపూండి పారిశ్రామిక వాడ దాకా నివసిస్తున్న మన తెలుగు కుటుంబాలకు ఇది దూరపు ప్రశ్న కాదు. మనం తాగేది ఈ నేల నీరే. తెలుగుగంగ ద్వారా 1996లో కృష్ణా జలాలు వచ్చి చేరిన పూండి జలాశయమూ ఈ జిల్లాలోనిదే.

ఉత్ప్రేరకమనగా తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థం. మందులు, రంగుల తయారీలో కర్బన పరమాణువులను జతపరచడానికి పలాడియం అనే విలువైన లోహాన్ని వాడుతారు. ఈ పద్ధతులను రూపొందించిన హెక్, నెగిషి, సుజుకిలకు 2010లో నోబెల్ బహుమతి లభించింది. అయితే ద్రావణంలో కరిగిన లోహాన్ని తిరిగి రాబట్టడం కష్టం. కొంత మందులోకి, కొంత వ్యర్థజలంలోకి పోతుంది. నోటి ద్వారా తీసుకునే మందులలో పలాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించరాదని అంతర్జాతీయ ప్రమాణం.

దీనికి పరిష్కారంగా వచ్చినదే పాలిమర్ ఆధారిత ఉత్ప్రేరకం. పాలీస్టైరీన్ వంటి పాలిమర్ పూసలకు లోహాన్ని పట్టి ఉంచే రసాయన సమూహాలను అతికించి, వాటిపై లోహాన్ని నిలుపుతారు. మసాలా దినుసులను గుడ్డలో మూటగట్టి పులుసులో వేసి, పని కాగానే మూటను తీసివేసినట్లు, చర్య ముగియగానే పూసలను వడగట్టి, కడిగి, మరల వాడవచ్చు. ఈ కృషిలో తెలుగు నేలకూ గౌరవనీయమైన భాగముంది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం ప్రభృతులు పొరల నిర్మాణం గల హైడ్రాక్సైడ్ పదార్థంపై పలాడియం నానో కణాలను నిలిపి సాధించిన ఫలితాలను 2002లో ప్రకటించారు.

కానీ మూటలోని సారం పులుసులోకి దిగినట్లే, పూసలోని లోహమూ ద్రావణంలోకి దిగవచ్చు. హెక్ చర్య వంటివాటిలో పలాడియం పూసను వదలి, ద్రావణంలో పనిచేసి, చివరకు కొంత తిరిగి పూసకు చేరుతుందని శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఒక్కొక్క విడతలో నూటికి 5 వంతులు పోతే నష్టం స్వల్పమనిపిస్తుంది. 10 విడతలు గడిచేసరికి మిగిలేది 60 వంతులే. మొదట అవసరానికి మించి ఉత్ప్రేరకం వేసి ఉంటే, తుది దిగుబడి తగ్గక ఈ నష్టం కంటికి కనబడదు.

కనుక అడగవలసిన ప్రశ్నలు నాలుగు. చర్య వేగాన్ని మధ్యలో కొలిచారా, చివరి దిగుబడినే చూపుతున్నారా? వేడిగా ఉండగానే పూసలను వడగట్టి, మిగిలిన ద్రావణంలో చర్య ఆగినదీ లేనిదీ పరీక్షించారా? ప్రతి విడతలో వ్యర్థజలంలోని లోహమెంత? అరిగి పొడియైన పూసలు చివరకెక్కడికి పోతాయి? మందుల తయారీలో వాడి వదిలిన ఉత్ప్రేరకాన్ని 2016 నాటి నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగానే లెక్కించాయి.

వీటికి సమాధానం చెప్పే భారం మనది కాదు. పాలారు తీరంలోని తోళ్ల పరిశ్రమలపై వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో, తన పని పర్యావరణానికి హాని చేయదని నిరూపించే బాధ్యత పరిశ్రమదేనని సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న స్పష్టం చేసింది. పాలిమర్ పూసలకూ ఆ న్యాయమే వర్తించాలి.

అడిగే వేదిక కూడా ఉన్నది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన సింథటిక్ సేంద్రియ రసాయన పరిశ్రమలను తన పరిధిలో చేర్చింది. ముందే అనుమతి పొందిన పారిశ్రామిక వాడలకు మినహాయింపులున్నా, బహిరంగ విచారణ జరిగిన చోట దాని సారాంశాన్ని సభ చివర స్థానిక భాషలో వివరించాలని ఆదేశించింది. తెలుగు ఇంటిభాషగా గల తిరుత్తణి, పళ్లిపట్టు గ్రామాలలో ‘స్థానిక భాష’ అన్న మాటకు తెలుగు వెలుపలిది ఎట్లా అవుతుంది? తమిళంతో పాటు తెలుగులోనూ వివరించాలని విచారణకు ముందే లిఖితపూర్వకంగా కోరుదాం.

ఈ శాస్త్రాన్ని మనం వ్యతిరేకించనక్కరలేదు. నిజాయితీగా అమలైతే నీటికీ భూమికీ అది మేలే చేస్తుంది. అయితే అర్థంకాని భాషలో ఇచ్చిన హామీని పరీక్షించడం ఎవరి తరమూ కాదు. లెక్కలు చూపమందాం, మన భాషలో చెప్పమందాం.