గోడ పక్కన జామ దడి

అడవులదీవిలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్తే ముందు కనిపించేది జామచెట్టే. సెలవులొస్తే పిల్లలందరం దాని కొమ్మల మీదే ఉండేవాళ్లం. పక్కింటివాళ్లు ఇల్లు కట్టుకున్నాక పేచీ మొదలైంది. కొమ్మలు ఇటు వాలుతున్నాయని, ఆకులు వాకిట్లో రాలుతున్నాయని రోజూ ఏదో ఒక మాట. చివరికి పెద్దమ్మే చెట్టు కొట్టించేసింది. మొన్న వెళ్తే, ప్రహరీ పక్కనున్న మూడడుగుల సందు చూపించి 'ఇందులో మళ్లీ జామ పెట్టుకునే దారేమైనా ఉందంటావా?' అని అడిగింది.

ఉంది. చెట్టును గుబురుగా ఎదగనివ్వకుండా, కొమ్మల్ని తీగలకు కట్టి తడికలా పలచగా పెంచడమే. దీన్నే 'ఎస్పాలియర్' అంటారు. ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ కోసం 1678-83 మధ్య వెర్సాయ్‌లో వేసిన తోటలో పండ్లచెట్లను గోడల వెంట ఇలాగే పెంచారు. ఆ చలిదేశంలో చెట్టుకు గోడ వెచ్చదనం కావాలి. మనకు ఎండే ఎక్కువ కాబట్టి పడమటి ఎండ కొట్టే గోడ వద్దు, తూర్పు ఎండ తగిలేది మేలు.

ఏ చెట్టయినా ఇలా లొంగదు. మామిడి కొమ్మల చివర పూస్తుంది, తరచూ కత్తిరిస్తే కాపు పోతుంది. జామ కొత్త చిగుళ్ల మీద పూస్తుంది కాబట్టి కత్తిరింపు దానికి మేలే. పైగా సముద్రం దగ్గరి ఊళ్లలో నేలలో, నీళ్లలో ఉప్పు ఉంటుంది. నిమ్మ దాన్ని ఓర్చుకోలేదు. జామ, దానిమ్మ కొంతవరకు తట్టుకుంటాయి.

ఇలా పెంచండి

* గోడకు అడుగున్నర దూరంలో కాస్త ఎత్తుగా మట్టి పోసి అంటు మొక్క నాటండి.
* మొక్కకు అటూ ఇటూ గట్టి గుంజలు పాతి, అడుగున్నరకొకటి చొప్పున మూడు వరుసల జీఐ తీగ బిగించండి.
* మొక్క మొదటి తీగ దాటగానే తల తుంచండి. వచ్చిన చిగుళ్లలో మూడే ఉంచండి. రెండింటిని చెరోవైపు పాకించి, మూడోదాన్ని పైకి పోనివ్వండి. పై తీగల దగ్గరా ఇదే వరస.
* కొమ్మ పచ్చిగా ఉన్నప్పుడే ముందు ఏటవాలుగా, తర్వాత అడ్డంగా వంచండి. పాత గుడ్డపీలికతో వదులుగా కట్టండి. అడ్డంగా వంచిన కొమ్మకు పక్క చిగుళ్లు బాగా వస్తాయి.
* ముందుకు, వెనక్కు పొడుచుకొచ్చిన రెమ్మల్ని ఎప్పటికప్పుడు తీసేయండి.

గుంజల విషయంలో అశ్రద్ధ వద్దు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే కదా! ప్రహరీ ఉమ్మడిదైతే దానికి మేకులు కొట్టి కొత్త పేచీ తెచ్చుకోకండి.

పెద్ద చెట్టంత కాపు రాదు. పిల్లలు ఎక్కడానికీ పనికిరాదు. కాయలు మాత్రం నిలబడి చేత్తో కోసుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మకు అదే కావాలి. తొలకరికి మొక్క నాటుతుందట. మొదటి కాయలు పక్కింటికేనట!