శివారు పేటకు చేరని పంచాయతీ

గోదావరి డెల్టాలో 'శివారు' అన్న మాటకు అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. కాలువ చిట్టచివర ఉన్న భూమి అది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852 నుంచి నేటి వరకు ఇక్కడ నీటి పంపకం సవ్యంగా ఉందా లేదా అని తేల్చే గీటురాయి ఒక్కటే: శివారు చేనుకు నీరందిందా? వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసేదీ, గట్లు చక్కదిద్దేదీ ఆ చివరి చేను కోసమే. కాలువ మొదట్లో ఉన్న పొలానికి నిర్వహణ కొరవడినా నీరు వస్తుంది. చివరి పొలానికి నిర్వహణ ఉంటేనే నీరు. పొలం విషయంలో అందరం ఒప్పుకున్న ఈ న్యాయాన్ని ఊరి విషయంలో ఎందుకు ఒప్పుకోలేకపోతున్నాం? రోడ్లు, మురుగు కాలువలు, వీధి దీపాలు, శ్మశానాలు, ఉద్యానవనాలను గ్రామ పంచాయతీలు నిర్వహిస్తున్న తీరు చూసినప్పుడల్లా నన్ను వేధించే ప్రశ్న ఇది.

నేను పుట్టింది రావులపాలెం సమీపంలోని ఒక గ్రామంలో, దళితపేటలో. రావులపాలెం కోనసీమకు ముఖద్వారం. గౌతమి వంతెన దాటి వస్తే జాతీయ రహదారి, దాని వెంట అరటి గెలల లారీలు. అక్కడి మార్కెట్ నుంచి సరుకు పొరుగు రాష్ట్రాలకు వెళుతుంది. ఆ రహదారి మీద గుంత పడితే మర్నాటికి వార్త అవుతుంది. అక్కడి నుంచి పక్క రోడ్డులోకి, అందులోంచి ఊళ్లోకి, ఊరు దాటి పేటలోకి వెళ్లేకొద్దీ గుంత వార్త కావడం మానేస్తుంది.

నిరుడు వానాకాలంలో వెళ్లినప్పుడు మా పేట వీధిలో పిక్కల లోతు నీరు నిలిచి ఉంది. రోడ్డు లేదని అనలేను. సిమెంటు రోడ్డు రెండుసార్లు వేశారు. రెండోసారి పాతదాన్ని తవ్వకుండా దానిమీదే వేయడంతో రోడ్డు ఎత్తు పెరిగింది, ఎనభైల నాటి పక్కా ఇళ్ల గడపలు దానికంటే దిగువకు పోయాయి. పక్కన మురుగు కాలువ కట్టలేదు. ఊరి మెరక వీధుల నీరంతా వచ్చి పేటలో ఆగుతుంది. నీరు పల్లమెరుగు అంటారు. ఆ పల్లంలో ఎవరి ఇళ్లు ఉండాలో మాత్రం నీరు నిర్ణయించలేదు.

మా వీధి మొదట్లో ఉండే పిన్ని పంచాయతీలో పారిశుధ్య పని చేస్తుంది. తెల్లవారకముందే ఊళ్లోకి వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి వస్తుంది. ఊరినంతా శుభ్రం చేసే నువ్వున్న వీధి ఇలా ఎందుకుందని అడిగాను. "ఊరంతా ఊడ్చేసరికి బండి నిండిపోద్ది అబ్బాయ్, మన వీధికి బండేదీ?" అంది. ఆమె మాటలో ఫిర్యాదు కూడా లేదు. అలవాటు ఉంది. గ్రామ ఆస్తులను నిలబెట్టే శ్రమ అధికభాగం పేట నుంచే వస్తున్నది. ఆ శ్రమ ఫలితం పేటకు చివరగా, మిగిలితే అందుతున్నది. గౌరవ వేతనం నెలల తరబడి నిలిచిపోయినప్పుడు ఆ భారమూ ఆ ఇళ్ల మీదే పడుతున్నది.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 45వ సెక్షన్ గ్రామంలోని రోడ్ల మరమ్మతు, వీధి దీపాలు, మురుగు పారుదల, పారిశుధ్యం, శ్మశానాల నిర్వహణను పంచాయతీ విధిగా చేయవలసిన పనులుగా చెప్పింది. ఉద్యానవనాల వంటివి ఆ తర్వాతి సెక్షన్‌లో, వీలునుబట్టి చేయదగిన పనుల్లో ఉన్నాయి. 73వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన పదకొండవ షెడ్యూలులో 29 అంశాలున్నాయి. 27వది బలహీన వర్గాల, ప్రత్యేకించి షెడ్యూల్డు కులాలు, తెగల సంక్షేమం. చివరిదైన 29వది సామాజిక ఆస్తుల నిర్వహణ. కాగితం మీద రెండు వరుసల ఎడం ఉన్న ఈ రెండు బాధ్యతలు గ్రామంలో ఒకదానినొకటి ఎరగనట్టు నడుస్తున్నాయి.

అసలు ఈ బంధాన్ని రాజ్యాంగం మొదటి రోజునే గుర్తించింది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే స్థలాల వాడకంలో కులాన్ని బట్టి ఏ పౌరుడికీ ఆటంకం ఉండరాదని 15వ అధికరణం రెండో క్లాజు చెబుతుంది. పూర్తిగా గానీ పాక్షికంగా గానీ ప్రభుత్వ ధనంతో నిర్వహించే వాటన్నిటికీ ఇది వర్తిస్తుందని కూడా అక్కడే ఉంది. నిర్వహణకు వెచ్చించేది అందరి ధనం గనుక వాడుకునే హక్కూ అందరిది. ఊరి రోడ్డు మీద నడవనివ్వకపోవడం వివక్ష అని మనం గుర్తించాం. ఊరి రోడ్డును బాగుచేసి పేట రోడ్డును పాడుపడనివ్వడం కూడా వివక్షేనని గుర్తించడానికి ఇంకా సిద్ధపడలేదు.

సమస్య ఎక్కడుందో నిధుల దారిని బట్టి తెలుస్తుంది. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ముడిపడ్డాయి. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు, జీతభత్యాలకు మాత్రం వాడరాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సొమ్ములోంచి పంచాయతీల విద్యుత్ బకాయిలను ప్రభుత్వమే సర్దుబాటు చేసుకోవడం మీద సర్పంచులు పార్టీలకు అతీతంగా ఆందోళన చేశారు. ఇక మిగిలేవి ఇంటి పన్ను, నీటి పన్ను, సంత ఆశీళ్లు. అరటి, కొబ్బరి వ్యాపారం సాగే పెద్ద పంచాయతీలకు ఈ రాబడి కొంత ఉంటుంది. చిన్న పంచాయతీకి పూడిక తీయించడానికే చాలదు. ఇలా చాలనప్పుడు ముందుగా ఏ వీధి ఆగిపోతుందో చెప్పడానికి గణాంకాలు అక్కర్లేదు.

కొత్త నిర్మాణానికి మాత్రం డబ్బు మరో దారిన వస్తుంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ముఖ్యమంత్రి హాజరైన సభ రావులపాలేనికి దగ్గరలోనే, కొత్తపేట నియోజకవర్గంలోని వానపల్లిలో జరిగింది. ఆ సభల ఆమోదంతో ఉపాధి హామీ పథకం కింద దాదాపు రూ.4,500 కోట్ల పనులు చేపట్టారు. సిమెంటు రోడ్లు వచ్చాయి, పేటలకూ వచ్చాయి. దీన్ని కాదనడం న్యాయం కాదు. అయితే శంకుస్థాపనకు శిలాఫలకం ఉంటుంది, పూడిక తీతకు ఉండదు. డెల్టా నల్లరేగడిలో, నేల కింద జానెడు లోతున నీరుండే చోట, పక్క కాలువ లేని సిమెంటు పలక కొన్ని వానాకాలాలకే పగులుతుంది. పగిలిన నాటి నుంచి మరో పథకం వచ్చేదాకా ఆ వీధికి దిక్కెవరు? పేట పథకం కోసం ఎదురుచూస్తుంది. ఊరు పంచాయతీ చేత పని చేయించుకుంటుంది. తేడా ఇక్కడుంది.

షెడ్యూల్డు కులాల ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది. దళిత ఉద్యమాలు పోరాడి సాధించుకున్న చట్టమది. పదేళ్ల గడువు ముగిసినప్పుడు 2023 జనవరిలో దాన్ని మరో పదేళ్లు పొడిగించారు. జనాభా నిష్పత్తి మేరకు నిధులు కేటాయించాలన్న ఆ చట్టమే, విడదీయడానికి వీలుకాని మౌలిక వసతుల వ్యయంలో కొంత భాగాన్ని ఉప ప్రణాళిక ఖాతాలో చూపడానికి వీలు కల్పించింది. పెద్ద రోడ్డు ఖర్చులో దళితుల వాటా ఇంత అని పద్దు రాసుకోవచ్చు. ఆ రోడ్డు నుంచి పేటలోకి మలుపు తిరిగే చోట ఏముందో ఆ పద్దు చెప్పదు. లెక్కలో ఖర్చయిన రూపాయి వీధిలో కనిపించకపోవడానికి ఒక కారణం ఇది.

దీనికి ఊళ్లో వినిపించే సమాధానాలు రెండు. పేటలో ఇంటి పన్ను సరిగా కట్టరన్నది మొదటిది. పన్ను బకాయిలు ఊళ్లోనూ ఉంటాయి. అయినా తాగునీరు, పారిశుధ్యానికి వచ్చే ఆర్థిక సంఘం నిధి ఇంటి పన్ను రసీదు చూసి వచ్చేది కాదు. అందులో పేట తలలనూ లెక్కపెట్టే తెచ్చుకుంటున్నాం. ఎవరూ కావాలని పేటను వదిలేయడం లేదన్నది రెండోది. ఇది చాలావరకు నిజమే కావచ్చు. ఊళ్లోని దీపం ఆరిపోతే కార్యదర్శికి ఫోన్ చేయగలిగిన మనిషి ఆ వీధిలో ఉంటాడు. పేటలో ఉండడు, ఉన్నా ఆ ఫోన్‌కు అంత బరువుండదు. ఎవరి ద్వేషమూ అవసరం లేకుండానే కులం తన పని తాను చేసుకుపోతుంది.

ఉద్దేశం లేకున్నా ఫలితాన్ని బట్టి తీర్పు చెప్పవచ్చునా? అమెరికాలో, మరో డెల్టాలో, మిసిసిపీ రాష్ట్రంలోని షా అనే చిన్న పట్టణం విషయంలో 1971లో ఈ ప్రశ్న కోర్టు ముందుకు వచ్చింది. అక్కడ రోడ్డు వేయని వీధుల్లో ఉన్న ఇళ్లలో దాదాపు 98 శాతం నల్లజాతివారివి. మురుగు వసతి లేని ఇళ్లలో 97 శాతం వారివే. పాలకుల దురుద్దేశాన్ని వేరుగా నిరూపించనక్కర్లేదని, ఈ లెక్కలే చాలునని ఐదవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. 1976లో మరో కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఉద్దేశాన్ని నిరూపించాలనడంతో ఆ దారి ఇరుకైంది. అయినా ఆ కేసు నేర్పేది ఒకటుంది. షా పట్టణంలో వీధివారీ లెక్క ఉంది. మన పంచాయతీలో ఆ లెక్కే లేదు.

ఉమ్మడి ఆస్తి మీద జరిగే పోరు మనకు కొత్త కాదు. మహద్‌లోని చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ అక్కడి మునిసిపాలిటీ 1924లో తీర్మానించింది. తీర్మానం కాగితంలోనే ఉండిపోగా 1927 మార్చి 20న అంబేడ్కర్ నాయకత్వంలో దళితులు వెళ్లి నీరు ముట్టారు. అదే ఏడాది ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానాన్ని రద్దు చేసుకుంది. 1985 జూలైలో కారంచేడు మారణకాండకు మొదటి నిప్పురవ్వ దళితులు వాడుకునే మంచినీటి చెరువును మలినం చేయడం దగ్గరే రాజుకుంది. 2017లో మన గోదావరి డెల్టాలోనే, గరగపర్రులో, ఇతర నాయకుల విగ్రహాలున్న చోట అంబేడ్కర్ విగ్రహం పెట్టుకున్నందుకు దళితులు సాంఘిక బహిష్కరణకు గురయ్యారు. చెరువు ఎవరిది, గట్టు ఎవరిది, ఊరి ఉమ్మడి స్థలంలో ఎవరి జ్ఞాపకానికి చోటు అన్నవి ఏనాడూ ఇంజనీరింగ్ ప్రశ్నలు కావు.

ప్రాతినిధ్యం ఉందిగా అనవచ్చు. మా అమలాపురం లోక్‌సభ స్థానం ఎస్సీలకు కేటాయించినది. దాని పరిధిలోని ఏడు శాసనసభ స్థానాల్లో మూడు కూడా అంతే. జిల్లాకు అంబేడ్కర్ పేరుంది. ఆ పేరు మీద 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. అయినా పేరు నిలిచింది. నిలవాల్సిందే. కానీ మా నాన్నను సాగనంపిన రోజు నాకు గుర్తుంది. శ్మశానానికి రోడ్డు లేదు. చేల గట్టు మీద, బురదలో, పాడె మోసేవాళ్లు రెండుసార్లు జారారు. చట్టం విధిగా చేయమన్న పనుల్లో ఒకటి అది. ఇప్పటికీ ఆ గట్టు అలాగే ఉంది. జిల్లా పేరులో ఉన్న గౌరవం ఆ చివరి రెండు వందల గజాలకు చేరలేదు.

2021 ఫిబ్రవరిలో ఎన్నికైన పాలకవర్గాల ఐదేళ్ల కాలం తీరి, మళ్లీ పంచాయతీ ఎన్నికల మాట వినిపిస్తున్నది. ఓటు అడగడానికి పేటకు వచ్చేవారిని కొత్త రోడ్డు అడగవద్దని నా మనవి. లెక్క అడగండి. గడిచిన ఐదేళ్లలో ఏ వీధి మురుగు కాలువను ఎన్నిసార్లు శుభ్రం చేశారు, ఏ స్తంభం దీపాన్ని ఎన్ని రోజుల్లో మార్చారు, ఏ రోడ్డు మరమ్మతుకు ఎంత ఖర్చయింది అన్నది వీధివారీగా పంచాయతీ గోడ మీద రాయమనండి. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీని దేశానికి నేర్పిన రాష్ట్రం మనది. అదే తనిఖీని నిర్వహణ ఖర్చుకూ వర్తింపజేయడానికి కొత్త చట్టం అవసరం లేదు. ఏటా ఒక గ్రామసభనైనా పేటలో, వానాకాలంలో జరపమనండి. మెరక మీద కూర్చున్నవారికి పల్లం ఎలా ఉంటుందో ఆ ఒక్క పూటైనా తెలుస్తుంది.

విద్యార్థులు కూడా ఈ పనికి పూనుకోవచ్చు. సెలవులకు సొంతూరు వెళ్లినప్పుడు ఊరినీ పేటనూ కలిపి ఒక పటం గీయండి. మురుగు కాలువ ఎక్కడ ఆగిందో, దీపాల వరుస ఎక్కడ తెగిందో, శ్మశానానికి దారి ఉందో లేదో గుర్తించండి. ఆరోపణను ఎవరైనా కొట్టిపారేయగలరు, పటాన్ని కొట్టిపారేయడం అంత తేలిక కాదు. శివారు చేనుకు నీరందే వరకు లాకుల దగ్గర కాపలా కాసిన రైతులున్న నేల ఇది. శివారు పేట కోసం కూడా అంత పట్టుదలగా నిలబడిన నాడే పంచాయతీ అన్న మాటకు ఈ డెల్టాలో అర్థం పూర్తవుతుంది.