బందగీని మరిచిన విమోచన

సెప్టెంబర్ 17 వస్తోందంటే చాలు, మన తాతల భూపోరాటానికి మతం రంగు పులిమే పని మొదలవుతుంది. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్‌లో 'విమోచన దినం' జరుపుతోంది. 2024 మార్చిలో నోటిఫికేషన్ కూడా ఇచ్చింది. ముస్లిం రాజు చెర నుంచి హిందువులకు విముక్తి దొరికిందన్నది దీని చుట్టూ అల్లుతున్న కథ.

నిజాం నిరంకుశత్వం నిజం. రజాకార్ల దౌర్జన్యాలు నిజం. వాటిని ఎదిరించి పోరాడింది మనవాళ్లే. కానీ ఊళ్లో రైతు మెడ మీద కాలు పెట్టిందెవరు? వెట్టి చేయించుకున్నదెవరు? భూములు కాజేసిందెవరు? దేశ్‌ముఖ్‌లు, జాగీర్దార్లు. నిజాం వాళ్లకు అండ, వాళ్లు నిజాంకు అండ.

విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డిది ఏ మతం? భూమి కోసం ఆయన మీద కోర్టుకెక్కి హత్యకు గురైన కామారెడ్డిగూడెం రైతు బందగీది ఏ మతం? 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను బలిగొన్నది ఆ దేశ్‌ముఖ్ మనుషులే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తిరగబడిందీ ఆ గడీ మీదే. 1947 సెప్టెంబర్ 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో మఖ్దూం మొహియుద్దీన్ ఒకరు. రజాకార్లను కలంతో ఎదిరించి 1948 ఆగస్టులో వాళ్ల చేతుల్లో హతమైన సంపాదకుడు షోయబుల్లా ఖాన్. వీళ్లను ఆ కథలో ఎక్కడ కూర్చోబెడతారు?

సైన్యం వచ్చాక ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా! పారిపోయిన దొరలు తిరిగొచ్చి, రైతులు పంచుకున్న భూములు గుంజుకున్నారు. తుపాకులు సంఘాల వైపు తిరిగాయి. 1950లో అదే నిజాంను రాజప్రముఖ్‌ను చేశారు; 1956 దాకా ఆ పదవిలో ఉన్నాడు. రైతులు మాత్రం 1951 అక్టోబర్ దాకా పోరాడుతూనే ఉన్నారు. ఒక్కరోజులో విమోచన వచ్చి ఉంటే మరో మూడేళ్లు ప్రాణాలెందుకిచ్చారు?

ఈ కథతో లాభమెవరికి? శత్రువు పక్కింటి మస్తానే అని నమ్మితే, భూమి ఎవరి చేతిలో ఉందని మనం అడగం. ముజఫర్‌నగర్‌లో 2013 అల్లర్లు చెరకు రైతులను నిలువునా చీల్చాయి. 2021 సెప్టెంబర్ 5న అక్కడే జరిగిన మహాపంచాయత్‌లో రెండు మతాల రైతులూ మళ్లీ ఒక్కచోట కూర్చున్నారు. ఆ నవంబర్‌లోనే మూడు సాగు చట్టాలను వెనక్కి తీసుకుంటామని కేంద్రం ప్రకటించింది.

ఈసారి సెప్టెంబర్ 17న ప్రతి ఊళ్లో సంఘం జెండా కింద బందగీ, కొమురయ్య, ఐలమ్మల పేర్లు చదువుదాం. పండుగ చేస్తున్న పాలకులను ఒక్కటే నిలదీద్దాం: కౌలు రైతుకు గుర్తింపు ఎప్పుడు? మద్దతు ధరకు చట్టం ఎప్పుడు?