తుపాకి పూత: మెఱుగా? మన్నికయా?

ఆయుధముల కొనుగోలును గూర్చి చర్చ వచ్చినప్పుడెల్ల గుండు పోవు దూరమును, తుపాకి బరువును, వెలయు మాత్రమే విచారింపబడును. ఉక్కుమీది పూతను గూర్చి పలుకువా రరుదు. అది కంటికింపైన మెఱుగు మాత్రమేయని పలువుర తలంపు. ఆ తలంపునకు మూల్యము సైనికుని ప్రాణమని చరిత్ర చాటుచున్నది.

వియత్నాము యుద్ధమున, 1965 మొదలుకొని, అమెరికా సైనికుల చేతికి ఎం-16 తుపాకి విరివిగా వచ్చెను. అంతకు ముందటి ఎం-14 గొట్టము లోపల క్రోమియము పూత యుండెను. రెండవ ప్రపంచ యుద్ధమున జపానువారి 99వ రకపు తుపాకికి సైత మట్టి పూత గలదు. క్రొత్త తుపాకికి మాత్ర మది లేదు. ఆ దేశపు తేమకు తూటా నిలుచు గది త్రుప్పుపట్టి గుంటలు పడెను. కాల్చిన తూటా తొడుగు అందే చిక్కుకొని, పోరు నడుమ తుపాకులు మూగవోయెను. నేరమంతయు పూత లేకుండుటదే యనుట న్యాయము కాదు. తూటామందు రకమును మార్చిరి, శుభ్రపఱచు సామగ్రిని చాలినంత ఈయరైరి. 1967లో అమెరికా ప్రతినిధి సభ ఉపసంఘము ఈ విషయమును విచారించెను. ఆ కాలముననే గదికి క్రోమియము పూత వేయ మొదలిడిరి. తరువాత గొట్టమంతటికిని వేసిరి. తుదకు చేసిన పని మొదటనే చేసియున్నచో ఎన్ని ప్రాణములు నిలిచెడివో!

అట్లని క్రోమియమే సర్వరోగనివారిణి యనము. భాగమునుబట్టి పూతను ఎన్నుకొనవలెను. పాత తుపాకుల నీలిపూత అందమైనదే కాని మిక్కిలి పలుచనిది. నూనె లేనిచో త్రుప్పు నాపజాలదు. ఫాస్ఫేటు పూత నూనెను పీల్చి నిలుపుకొనును, వెలయు తక్కువ, కాని గరుకైనది. గొట్టము లోపలి వేడిమికిని రాపిడికిని క్రోమియము తగినది. అయితే పూత వేయునపుడు ఉదజని ఉక్కులో చొచ్చి దానిని పెళుసు చేయగలదు గనుక, పిదప వేడిమిలో నుంచి దానిని వెడలగొట్టవలెను. వజ్రమువంటి కాఠిన్యముగల కర్బనపు పూత అన్నిటికంటె నునుపైనది. కాని దాని మందము కొలది మైక్రాన్లు మాత్రమే. అడుగు ఉక్కు మెత్తనిదైనచో గ్రుడ్డు పెంకువలె పగులును, వెలయు హెచ్చు.

ఒండొంటితో రాచుకొను బోల్టు మొదలగు భాగములకు నత్రజని సంస్కారమే మేలని మా అభిప్రాయము. ఉక్కును 550 డిగ్రీలకు పైబడిన వేడిమిలో నుంచి, నత్రజనిని కర్బనమును దాని పైపొరలోనికి చొప్పింతురు. ఇది పైని అంటించిన పూత కాదు. ఉక్కు తానే మాఱుటవలన పెచ్చులూడు భయము లేదు. అయితే ఈ వేడిమికి ముందటి పదును సడలని ఉక్కునే ఎన్నుకొనవలెను.

మన సైనికులు సియాచిన్ మంచులోను, థార్ ఇసుకలోను, ఈశాన్యపు వానలలోను నిలిచియున్నారు. మన నావికులకు విశాఖ తీరపు ఉప్పుగాలి నిత్యము. కోర్వావంటి స్వదేశ కర్మాగారములలో తుపాకులు తయారగు ఈ కాలమున, ఏ భాగమునకు ఏ పూత, ఎంత మందము అను విషయములు ఒప్పందపత్రములోనే స్పష్టము కావలెను. అమ్మువాని మాటను నమ్మక, ఉప్పునీటి తుంపరలోను, బురదలోను, వేలకొలది కాల్పులలోను పరీక్షించి మఱియే అంగీకరింపవలెను. తుపాకి బీరువాలోని బొమ్మ కాదు. పూతలో మిగిల్చిన రూపాయి సరిహద్దున ఒక తల్లి కడుపుకోత కారాదు. అధికారులు ఈ విషయమును ఇప్పుడే గమనింతురుగాక!