తెర ఎవరిది?

సినిమాలో మనవాడు ఎట్లా కనబడతాడో చెప్పనక్కర్లేదు. తువ్వాలు చంకలో పెట్టుకుని దొర ముందు వంగి నిలబడతాడు, లేదంటే తాగి తూలతాడు. 1938లో 'మాలపిల్ల' వచ్చింది. కథ మన వాడదే. పెట్టుబడి చల్లపల్లి జమీందారుది. మంచి మనసుతోనే తీశారు, కాదనం. కానీ మన కథ మనమే తీసుకుంటే ఎట్లుంటుందన్న ప్రశ్న అట్లాగే మిగిలిపోయింది.

ఈ ప్రశ్నకు నూరేళ్ల కిందటే జవాబు చెప్పబోయిన అన్నదమ్ములు ఇద్దరున్నారు. అమెరికా నల్లవాళ్లు. అన్న నోబుల్ జాన్సన్ సినిమాల్లో వేషాలేసేవాడు. తమ్ముడు జార్జ్ ఒమాహా పట్నంలో పోస్టాఫీసు ఉద్యోగి.

1915లో 'బర్త్ ఆఫ్ ఎ నేషన్' అనే పెద్ద సినిమా దేశమంతా ఆడింది. తెల్లవాళ్లు మొహాలకు మసి పూసుకుని నల్లవాళ్ల వేషాలు కట్టారు. అందులో నల్లవాడు ఆడవాళ్ల మీద పడే మృగమట, వాణ్ణి వేటాడి చంపే కూ క్లక్స్ క్లాన్ ముఠా వీరులట! నల్లవాళ్లు ఊరేగింపులు తీశారు, నిషేధించమని అడిగారు. ఆ మరుసటేడు, 1916లో, ఈ అన్నదమ్ములు లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీ పెట్టారు. లాస్ ఏంజెలెస్‌లో మందుల వ్యాపారి జేమ్స్ స్మిత్, నటుడు క్లారెన్స్ బ్రూక్స్ వాళ్లతో కలిశారు. నల్లవాళ్ల సొంత సినిమా కంపెనీల్లో మొదటి వాటిలో ఇదొకటి.

మొదటి సినిమాలో చదువుకున్న నల్ల ఇంజనీరు నూనె బావుల దగ్గర పని అడుగుతాడు. రంగు చూసి పొమ్మంటారు. యజమాని కూతురు ప్రమాదంలో పడితే కాపాడతాడు, అప్పుడు పని దొరుకుతుంది. మాకు ఇక్కడే గుచ్చుకుంటుంది. దొర కూతుర్ని కాపాడితేగాని మనిషి యోగ్యత తేలదా? అయినా సూటూ బూటూ వేసుకున్న తనలాంటివాణ్ణి తెర మీద చూసిన నల్ల కూలీకి ఆ రోజు ఏమనిపించిందో మనం ఊహించుకోగలం.

సినిమా తీయడం కాదు, చూపించడమే అసలు కష్టం. పెద్ద హాళ్లు దొరకవు. నల్లవాళ్ల హాళ్లు కొద్ది. కాబట్టి బళ్లలో, చర్చీల్లో కూడా ఆడించారు. జార్జ్ పగలు ఉద్యోగం చేసుకుంటూనే మిగతా టైములో ఉత్తరాలు రాసి, నల్లవాళ్ల పత్రికల వాళ్లనే ఏజెంట్లుగా పెట్టుకుని ఊరూరికీ సినిమా పంపాడు. కార్యకర్తలు గమనించాల్సిన మనిషి ఇతనే. కెమెరా ముందు ఎక్కడా కనబడడు.

1918లో దెబ్బ తగిలింది. నోబుల్‌కు జీతమిచ్చే యూనివర్సల్ కంపెనీ, లింకన్‌ను వదులుకో అంది. వదిలాడు. తిట్టాలంటే తిట్టొచ్చు. కూలి ఎవరి చేతిలో ఉందో మాట వాళ్లదే అవుతుందని మన పాలేళ్లకు ఒకరు చెప్పాలా? 1933లో 'కింగ్ కాంగ్'లో ఆటవిక జాతి నాయకుడి వేషం అతనిదే.

ఆ 1918లోనే ఆస్కార్ మిషో అనే నల్ల రచయిత నవలను లింకన్ వాళ్లు అడిగారు. నేనే డైరెక్ట్ చేస్తానన్నాడు, బేరం కుదరలేదు. పల్లెల్లో రైతులకు వాటాలు అమ్మి 1919లో తనే తీసుకున్నాడు. 1948 దాకా తీస్తూనే ఉన్నాడు.

లింకన్ కంపెనీ అయిదు సినిమాలతో ఆగిపోయింది. చివరిది 1921లో. అన్నీ కలిపి ఇప్పుడు మిగిలింది కొద్ది నిమిషాల ముక్క. ఎవరూ దాచలేదు. కంపెనీ కథ తెలిసిందంటే జార్జ్ ఉత్తరాలు, పత్రికల కత్తిరింపులు జీవితమంతా పోగేసినందువల్లే. అవి కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఉన్నాయి.

ఇప్పుడు జేబులో ఫోనే కెమెరా. మన సభలూ, డప్పు దళాల ఆటాపాటా మన పిల్లలే తీస్తున్నారు. ఫోను పాడైతే అదీ పోతుంది. పాత క్యాసెట్లు ఎవరి ఇంట్లో, ఏ అటక మీద ఉన్నాయో ప్రతి వాడలో వెతకండి. దొరికిందేమిటో, ఏ ఊరిదో, ఏ సంవత్సరానిదో మాకు కార్డు ముక్క రాయండి.