పెరటి కబుర్లు: తేనెపిట్టకి పంచదార నీళ్లెందుకు?

ఉక్కునగరం నుంచి ఓ సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వాళ్ల అమ్మాయి అమెరికాలో ఉంటుందిట. పెరట్లో ఎర్రటి సీసా ఒకటి వేలాడదీసి అందులో పంచదార నీళ్లు పోస్తే, బొటనవేలంత పిట్టలు వచ్చి గాల్లో నిలబడే తాగి పోతుంటాయిట. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మాయి అలాంటి సీసానే అమ్మకీ తెచ్చిచ్చింది. "మా క్వార్టర్ వెనక మందారచెట్టు మీదా అలాంటి పిట్టలే వాలతాయండీ. సీసా కట్టి నెలయింది. చీమలు తప్ప ఇంకెవరూ రావడం లేదు. పంచదార పాళ్లు తప్పానంటారా?" అని అడుగుతున్నారు.

పాళ్లు తప్పలేదండీ. అక్కడ కూడా నాలుగు వంతుల నీళ్లకి ఒక వంతు పంచదారే పోస్తారు. తేడా పాళ్లలో లేదు, పిట్టలో ఉంది. అమ్మాయి పెరట్లోకి వచ్చేది హమ్మింగ్‌బర్డ్. ఆ జాతిలో మూడువందల యాభైకి పైగా రకాలున్నాయి, కానీ అన్నీ ఉత్తర, దక్షిణ అమెరికాల్లోనూ ఆ చుట్టుపక్కల దీవుల్లోనూ మాత్రమే ఉంటాయి. మన దేశంలో ఒక్కటి కూడా లేదు. క్షణంలో యాభైసార్లు, కొన్నయితే అంతకన్నా ఎక్కువసార్లు రెక్కలు కొట్టుకుంటూ పువ్వు ముందు కదలకుండా నిలబడగలవు. వెనక్కి కూడా ఎగరగలవు. అలా కొట్టుకోవడానికి శక్తి కావాలి కనక రోజంతా తేనె తాగుతూనే ఉండాలి. అందుకే అక్కడివాళ్లు సీసాలు కట్టారు.

మీ మందారం మీద వాలేది తేనెపిట్ట. రెండింటికీ ముక్కు సన్నగా ఉంటుంది, మెడ దగ్గర ఎండ పడితే తళుక్కుమంటుంది, రెండూ తేనే తాగుతాయి. అయినా చుట్టరికం ఏమీ లేదు. ఒకే పని చేసే ఇద్దరు వేర్వేరు ఊళ్లలో ఒకేలాంటి పనిముట్టు తయారుచేసుకున్నట్టు అన్నమాట. మన పిట్ట గాల్లో ఒక్క క్షణం నిలబడగలదు గానీ దానికి అది ఇష్టం ఉండదు. కొమ్మ పట్టుకుని కూర్చుని, మెడ వంచి తాగడమే దాని పద్ధతి.

మన విశాఖ పెరళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి నల్లగా ఉన్నట్టే ఉండి, ఎండలోకి రాగానే ఊదా, నీలం రంగులు చిమ్ముతుంది. అది మగది. జత కట్టే రోజులు అయిపోయాక ఆ నిగనిగలన్నీ పోయి ఆడపిట్టలాగే పచ్చగా తయారవుతుంది, గొంతు నుంచి పొట్ట దాకా నల్లటి చార ఒక్కటే మిగులుతుంది. "పాత పిట్ట పోయి కొత్తది వచ్చిందండీ" అని కొందరు రాస్తుంటారు గానీ, అదే పిట్ట, చీర మార్చుకుందంతే. రెండో రకంలో మగదానికి పొట్ట పసుపు, వీపు ముదురు ఎరుపు, నడుము దగ్గర ఊదా. ఇది ఏడాది పొడుగునా ఒకే వేషంలో ఉంటుంది. రెండింటిలోనూ ఆడవి సాదాగా ఉంటాయి. పాపం, పనంతా వాటిదే, మెరుపంతా వాళ్లాయనది!

ఇక సీసా సంగతి. కొన్నిచోట్ల తేనెపిట్టలు కూడా సీసాలకి అలవాటు పడతాయి. అయినా నేను వద్దనే అంటాను. మన సముద్రపు ఉక్కలో పంచదార నీళ్లు ఒకటి రెండు రోజుల్లోనే పులుస్తాయి. అట్లపిండి పులిస్తే మనకి రుచి, పిట్టకి పులిసిన నీళ్లు జబ్బు. అమెరికాలో కూడా ఎండాకాలంలో రెండు రోజులకోసారి సీసా విప్పి, వేడినీళ్లతో బ్రష్షు పెట్టి కడగాలంటారు. అంత ఓపిక మనకుంటే ఆ ఓపిక ఒక మొక్క మీద పెట్టడం మేలు. ఎర్రరంగు కలిపితే బాగా వస్తాయని ఎవరైనా చెబితే అసలు వినకండి, అది అక్కడా వద్దంటున్నారు. తేనె కలిపి పొయ్యడమూ అంతే, పంచదార కన్నా తొందరగా పాడవుతుంది.

మన ఊళ్లో ఏడాదిలో పువ్వు లేని నెల లేదు కదా! చలిదేశాల్లోలాగా మంచు పడి మొక్కలు ఎండిపోయేది లేదు. కావలసిందల్లా సరైన పువ్వు.

అన్నిటికన్నా ముందు మందారం. అయితే రేక మందారమే పెట్టండి. ముద్ద మందారం చూడ్డానికి బాగుంటుంది గానీ, అన్ని రేకుల మధ్య తేనె ఎక్కడుందో పిట్టకి అందదు. ఇంకో తమాషా చూశారా? పెద్ద పువ్వయితే ఇది ముందునుంచి దూరదు. పక్కన కూర్చుని పువ్వు అడుగున ముక్కుతో చిన్న చిల్లు పొడిచి, అక్కణ్నించే తేనె లాగేస్తుంది. దొడ్డిదారి బేరం! పుప్పొడి అంటించుకుని మరో పువ్వుకి మోసే పని ఎగ్గొట్టినట్టే.

మందారం తర్వాత నూరువరహాలు, రాధామనోహరం, మెట్టతామర, దానిమ్మ, అడ్డసరం, పచ్చగన్నేరు. పెరట్లో మునగచెట్టు ఉంటే మీకు వేరే చెప్పక్కర్లేదు, పూతకొస్తే పొద్దున్నే అక్కడే ఉంటాయి. నర్సరీల్లో హమేలియా అని ఎర్రటి గొట్టాల్లాంటి పూలగుత్తుల మొక్క అమ్ముతారు. అది పుట్టింది అమెరికా ఖండంలో, హమ్మింగ్‌బర్డుల కోసమే అన్నట్టు. మన తేనెపిట్టలు దాన్ని ఏ పేచీ లేకుండా సొంతం చేసుకున్నాయి. కుండీలోనూ బతుకుతుంది, నాలుగంతస్తుల పైన బాల్కనీలోనూ పూస్తుంది. ఫ్లాటులో ఉండేవాళ్లు ఒక్క మొక్కే పెట్టగలమంటే నేను దీన్నే చెబుతాను. మామిడిచెట్టుకి బదనిక పట్టిందని మనం తిట్టుకుంటాం గానీ, దాని గొట్టంపూలు విచ్చుకునేదీ కాయ కట్టేదీ చాలావరకు ఈ పిట్టల పుణ్యమే. అలాగని బదనికని పెంచమని చెప్పడం లేదు, మామిడికి అది చేటే.

అరటి ఉన్నవాళ్లకి ఒక మాట. గెల దిగగానే అరటిపువ్వు కోసి ఆవపెట్టి కూర చెయ్యడం మనకి అలవాటు. హస్తాలన్నీ కట్టాక కూడా కింద పువ్వు రోజుకో దొప్ప ఎత్తుతూ ఉంటుంది. ఆ దొప్ప కింది పూలలో తేనె నిండుగా ఉంటుంది. నాలుగైదు రోజులు ఆగి కొయ్యండి. కూరకి వచ్చే నష్టం ఏమీ లేదు, పై దొప్పలు ఎలాగూ ఒలిచి పారేసేవే.

పూజపూల దగ్గర మాత్రం ప్రతి ఇంట్లోనూ చిన్న తగాదా ఉంటుంది. అత్తగారు తెల్లారకముందే సజ్జ పట్టుకుని చెట్టు మొత్తం కోసేస్తారు. పక్కింటివాళ్లు గోడ మీంచి చెయ్యి చాపి మిగిలినవి కోస్తారు. మందారం ఒక్కరోజు పువ్వు, కోసేస్తే పిట్టకి ఆ పూటకి ఏమీ లేదు. "దేవుడి పువ్వు దేవుడికి కాక పిట్టకేటమ్మా?" అంటే వాదించకండి. పైకొమ్మల పూలు వదిలెయ్యండి, చేతికందేవి సజ్జలో వేసుకోండి. ఇద్దరూ ఒప్పుకుంటారు.

ఇంతవరకూ తేనె గురించి చెప్పాను గానీ, అసలైన విషయం ఇంకోటి ఉంది. పిల్లల్ని తేనెతో పెంచదు తేనెపిట్ట. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. అందుకని చిన్న చిన్న పురుగులు, సాలీళ్లు ఏరి తెచ్చి నోట్లో పెడుతుంది. మనం మందారానికి పిండినల్లి పట్టిందని వారం వారం పురుగుమందు కొడితే, పువ్వులుంటాయి, పిల్లలకి తిండి ఉండదు. పిండినల్లి కనపడితే ముందు ఆ కొమ్మ కత్తిరించి పారెయ్యండి. నీళ్లు గట్టిగా పట్టి కడగండి. అప్పటికీ తగ్గకపోతే సబ్బునీళ్లలో వేపనూనె కలిపి, పట్టిన చోట మాత్రమే, సాయంత్రం పూట కొట్టండి. ఓడరేవు వైపు ఇళ్లవాళ్లు ఎలాగూ ఆకుల మీద నల్లదుమ్ము పోవడానికి నీళ్లు చల్లుతూనే ఉంటారు. ఆ తడి ఆకుల్లోనే తేనెపిట్ట రెక్కలు రుద్దుకుని స్నానం చేస్తుంది. పక్కన ఒక మట్టి మూకుడులో అంగుళం లోతు నీళ్లు పెట్టండి, రోజూ మార్చండి. సీసా కన్నా అది మేలు.

రెండోది బూజు! అవును, మీరు చదివింది నిజమే. తేనెపిట్ట గూడు కట్టేది సాలెగూడు దారంతో. ఎండుటాకులు, నార, బెరడు ముక్కలు, గొంగళిపురుగు పెంటికలు, ఒక్కోసారి కాగితం ముక్కలు, అన్నిటినీ ఆ దారంతో అతికి సంచీలా వేలాడదీస్తుంది. పక్కన గుమ్మం, గుమ్మం మీద చిన్న చూరు. వాన పడ్డా లోపలికి రాకుండా! సాలెదారం సాగుతుంది కనక పిల్లలు పెరిగే కొద్దీ సంచీ కూడా సాగుతుంది. పండగ ముందు బూజు కర్ర పట్టుకున్నామంటే మనం ఇంటా బయటా ఒక్క పోగు మిగల్చం. ఇంట్లో దులపండి, వద్దనను. వసారా చూరు కిందో, ప్రహరీ మూలో ఒక్క చోట వదిలెయ్యండి. చుట్టాలు ఏమైనా అనుకుంటారేమో అంటే, ఈ పేజీ చూపించండి.

2014 అక్టోబరు 12న మన ఊరి మీద పడ్డ హుద్‌హుద్ తుపాను గుర్తుందిగా? ఆ పేరు కూడా ఒక పిట్టదే, తల మీద కుచ్చు ఉంటుంది, ఒమన్ దేశం వాళ్లు ఇచ్చిన పేరు. ఆ ఒక్కరోజులో వీధుల్లో, కాలనీల్లో ఎన్ని పెద్దచెట్లు కూలాయో అందరం చూశాం. అలాంటి చోట పూలకుండీలున్న బాల్కనీ చిన్న విషయం కాదు. పిట్టలు మన గ్రిల్లుల్లోకి, కరెంటు తీగల మీదకి, దండేల మీదకి వచ్చి కట్టుకుంటున్నాయంటే అది మనమీద ప్రేమ అని మురిసిపోనక్కర్లేదు. మనుషులు తిరిగేచోట కాకి అంతగా రాదని ఒక ధైర్యం, అంతే.

దండెం అంటే గుర్తొచ్చింది, ఎంవీపీ కాలనీ నుంచి వచ్చిన ఇంకో ఉత్తరానికి ఈ వారమే జవాబు చెప్పాలి, వాళ్లకి టైము లేదు. బాల్కనీలో బట్టలారేసే దండేనికి గూడు కట్టిందిట. ఇంట్లో పెళ్లి నెలన్నర ఉంది. రంగులు వేసేవాళ్లు వచ్చే వారం వస్తారు. ఇంటివారు "తీసి పక్క చెట్టుకి కట్టేద్దాం, ఏమవుతుంది?" అంటున్నారు. అమ్మాయి మాత్రం ఏడుస్తోందిట.

అమ్మా, కదపకండి. గుడ్లుండగా గూడు వేరేచోటికి మారిస్తే తల్లి చాలావరకు వదిలేసి పోతుంది. మనిషి చెయ్యి తగిలిందని కాదు, ఆ వాసన సంగతి ఉత్త మాట. గూడు ఉన్న చోటు పోతే దానికి ఇల్లు పోయినట్టే. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి పిట్టల గూళ్లు, గుడ్లు పాడు చెయ్యడం నేరం కూడా. ఆ మాట మీ ఇంటివారికి కాస్త నెమ్మదిగా చెప్పండి.

లెక్క చూద్దాం. మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది. రెండు వారాలు దాటాక పిల్లలవుతాయి. ఇంకో రెండు వారాలు పైచిలుకులో ఎగిరిపోతాయి. అంటే మొత్తం అయిదు వారాల లోపు. మీ పెళ్లికి నెలన్నర ఉందన్నారు కదా, సరిపోతుంది. తల్లి లోపల కదలకుండా కూర్చుంటోందంటే ఇంకా గుడ్లే. ముక్కున పురుగు పట్టుకుని నిమిషాల మీద వచ్చి పోతోందంటే పిల్లలయ్యాయన్నమాట, అక్కణ్నించి రెండు వారాలు పైన లెక్కపెట్టుకోండి. సెల్‌ఫోను లోపల పెట్టి ఫోటోలు తియ్యకండి, ముఖ్యంగా చివరి రోజుల్లో. బెదిరి, ఎగరడం రాకుండానే కిందకి దూకేస్తాయి. అలా ఏదైనా పడితే మెల్లగా తీసి మళ్లీ గూట్లోనే పెట్టండి, తల్లి తీసుకుంటుంది. గాలికి గూడే తెగి పడితే, పురికొసతో అదే దండేనికి, అదే ఎత్తున కట్టండి.

బట్టలకి ఇంకో దండెం కట్టుకోండి, దానికి రెండడుగుల దూరంలో చాలు. మీరు వచ్చి పోతుంటే అలవాటు పడుతుంది. బాల్కనీలో అద్దం ఉంటే గుడ్డ కప్పండి. మగపిట్ట తన నీడనే ఇంకో మగపిట్ట అనుకుని పొద్దుటి నుంచీ దానితో కొట్లాడి అలిసిపోతుంది. స్కూటరు అద్దంతో కూడా ఇదే గొడవ.

రంగులవాళ్లకి లోపలి గదులు ముందు మొదలుపెట్టమని చెప్పండి. బాల్కనీ ఆఖరున. గోడ గీకుతుంటే లేచే దుమ్ము, రంగు వాసన పిల్లలకి పడవు కనక అటు తలుపు మూసే ఉంచమనండి. పిల్లలు ఎగిరిపోయాక ఒక వారం ఆగి, మళ్లీ ఎవరూ రావడం లేదని చూసుకుని గూడు తియ్యండి. బాల్కనీకి రంగు ఒక్కరోజు పని, మామిడితోరణాలు కట్టే లోపు అయిపోతుంది.