ఎక్కువ అమ్ముడైతే ఎక్కువ నచ్చినట్టేనా?

మన ఐటీ జనాల్లో ఒక జాతి ఉంది. ఆరు నెలలు ఆన్‌సైట్ వెళ్ళొస్తారు. తిరిగొచ్చాక వీకెండ్ పార్టీలో మొదటి గ్లాసు పట్టుకోగానే మొదలెడతారు. "మనవాళ్ళకి టేస్టు లేదు బాస్, అందుకే ఇక్కడ ఈ చెత్త బీర్లు నడుస్తాయి. అక్కడైతేనా.." అని. ఆ "అక్కడైతేనా" తర్వాత వచ్చేది ఏ దేశం వెళ్ళొచ్చారన్నదాన్ని బట్టి మారుతుంది గానీ, సారాంశం ఒకటే. ఏ దేశంలో ఏ బీరు ఎక్కువ అమ్ముడవుతుందో అదే ఆ దేశపు జనాల అభిరుచి, మన అభిరుచి నాసిరకం అని.

ఇది శుద్ధ తప్పు. ఎవరి అభిరుచినీ ఈ లెక్కతో కొలవలేం. మాస్ బీరు అనేది జనం ఎంచుకున్నది కాదు, జనానికి అందుబాటులో పెట్టినది. అందుబాటులో ఏది పెట్టాలో తేల్చేది చట్టం, పన్ను, పంపిణీ. నాలుక చివర్లో వస్తుంది, అదీ పిలిస్తేనే.

మన భాషలోనే చెప్తా. ఒకప్పుడు ప్రపంచంలో అందరికంటే ఎక్కువమంది వాడిన బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. దాన్ని ఎవరైనా ప్రేమించి వాడారా? విండోస్ తో పాటు వచ్చింది, వాడారు. మాస్ బీరు కూడా అంతే, డిఫాల్ట్ సెట్టింగ్.

ముందు ఈ "ఫారిన్ టేస్టు" సంగతి చూద్దాం. ఫోస్టర్స్ అంటే మనకి ఆస్ట్రేలియా. కానీ ఆస్ట్రేలియాలో అది తాగేవాడు కనబడటం కష్టం, అది బాగా అమ్ముడైంది బ్రిటన్ లో. స్టెల్లా ఆర్త్వా సొంత ఊరు బెల్జియంలో మామూలు లాగర్. బ్రిటన్ లో దాని ఖరీదునే గొప్పగా చూపించి దశాబ్దాల పాటు ప్రకటనలిచ్చారు, తర్వాత అదే బ్రిటన్ లో తాగి పెళ్ళాన్ని కొట్టేవాళ్ళ బీరు అన్న అర్థంలో దానికో చెడ్డపేరు కూడా పడింది. అమెరికాలో చవక బీరుకి మారుపేరు పాబ్స్ట్ బ్లూ రిబ్బన్. 2010లో అదే పేరుతో చైనాలో ఒక ప్రత్యేకమైన రకాన్ని సీసా సుమారు 44 డాలర్లకి అమ్మకానికి పెట్టారు. సముద్రం దాటితే చాలు, మాస్ కాస్తా క్లాస్ అయిపోతుంది!

ఇంకోటి. చాలా ఏళ్ళుగా పరిమాణంలో ప్రపంచంలోనే ఎక్కువ అమ్ముడవుతున్న బీరు పేరు స్నో. మన పార్టీలో ఎంతమంది విని ఉంటారు? చైనా బయట అది దాదాపు దొరకదు. అమ్మకాలే అభిరుచికి కొలబద్ద అయితే, ప్రపంచంలోకెల్లా గొప్ప బీరు అదే అని ఒప్పుకోవాలి. ఒప్పుకోరు. ఎందుకంటే అది "ఫారిన్" లా అనిపించదు :)

పన్ను జనాల గ్లాసులోకి ఎలా దూరుతుందో తెలియాలంటే జపాన్ చూడాలి. అక్కడ బీరు మీద పన్ను అందులో ఎంత మాల్ట్ ఉందన్నదాన్ని బట్టి ఉండేది. 67 శాతం దాటితే పూర్తి బీరు పన్ను. 1994లో సంటోరీ కంపెనీ 65 శాతం మాల్ట్ తో ఒక డ్రింకు తెచ్చింది. చట్టం ప్రకారం అది బీరు కాదు, హప్పోషు. పన్ను తక్కువ, ధర తక్కువ, జనం ఎగబడ్డారు. 1996లో ప్రభుత్వం ఆ కంత పూడిస్తే కంపెనీలు మాల్ట్ ని 25 శాతం లోపుకి దించేశాయి. ఆ తర్వాత హప్పోషు మీద కూడా పన్ను పెంచితే, అసలు మాల్ట్ ఊసే లేకుండా బఠాణీ ప్రోటీన్ తో "మూడో బీరు" దింపారు. స్పెసిఫికేషన్ లో లొసుగు దొరికితే మన డెవలపర్లు ఏం చేస్తారో వాళ్ళూ అదే చేశారు. చివరికి 2026 అక్టోబర్ కల్లా అన్నిటికీ ఒకే రేటు వచ్చేలా చట్టం మార్చుకున్నారు. ఇప్పుడు చెప్పండి, జపాన్ వాళ్ళకి బఠాణీ రుచి అంటే ప్రాణమా? కాదు కదా, పన్ను రేటు అలా తాగించింది.

అమెరికా సంగతీ అంతే. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం. చిన్న బ్రూవరీలు చాలావరకు మూతబడ్డాయి. నిషేధం ఎత్తేశాక తయారీదారు, పంపిణీదారు, దుకాణదారు అని మూడంచెల పద్ధతి పెట్టారు. మెల్లగా పెద్ద కంపెనీలు మిగతావాళ్ళని మింగేసి, 1970ల చివరికి దేశం మొత్తమ్మీద వంద లోపు బ్రూవరీలు మిగిలాయి. అప్పట్లో "అమెరికన్లకి నీళ్ళ బీరే ఇష్టం" అని లోకమంతా నవ్వింది. 1978లో కార్టర్ ఇంట్లో బీరు కాచుకోవడాన్ని చట్టబద్ధం చేస్తూ సంతకం పెట్టాడు. తర్వాత ఒక్కో రాష్ట్రం బ్రూపబ్ లకి అనుమతులిచ్చింది. ఇవాళ అక్కడ తొమ్మిది వేల పైచిలుకు బ్రూవరీలున్నాయి. నాలుకలు అవే గురూ, చట్టం మారింది.

"మరి 2023లో బడ్ లైట్ ని జనమే దించేశారుగా?" అని అడుగుతారు. నిజమే. ఒక ట్రాన్స్‌జెండర్ ఇన్‌ఫ్లుయెన్సర్ తో చేసిన చిన్న ప్రచారం మీద గొడవ జరిగి, రెండు దశాబ్దాల నంబర్ వన్ స్థానం పోయింది, మొడెలో ఎస్పెషల్ ముందుకొచ్చింది. కానీ డబ్బాలో బీరు నిన్నటిదే కదా? రుచి బాగున్నప్పుడు తాగి, బాలేనప్పుడు మానేశారా? అది రాజకీయం. పైగా అమెరికాలో మొడెలో హక్కులు ఒక కంపెనీవి, మిగతా ప్రపంచంలో బడ్ లైట్ వాళ్ళవే! 2013లో అమెరికా న్యాయశాఖతో కుదిరిన ఒప్పందం ఫలితం అది.

ఇక మన ఇంటికొద్దాం. తెలంగాణలో గానీ ఆంధ్రలో గానీ బీరు కంపెనీకి కస్టమర్ ఎవరు? మీరూ నేనూ కాదు. ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్. హోల్‌సేల్ మొత్తం దాని చేతిలోనే. దాని లిస్టులోకి ఎక్కితేనే షాపులోకి వస్తుంది. కంపెనీకి ఇచ్చే రేటూ ప్రభుత్వం చెప్పిందే. 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ వాళ్ళు తెలంగాణకి సరఫరా ఆపేశారు గుర్తుందా? 2019-20 నుంచి రేటు పెంచలేదు, బకాయిలు పేరుకుపోయాయి అన్నారు. రెండు వారాలు తిరక్కుండానే మళ్ళీ మొదలెట్టారు. ఫిబ్రవరిలో ధర 15 శాతం పెరిగింది. ఈ మొత్తం వ్యవహారంలో తాగేవాణ్ణి ఎవరైనా ఒక్క మాట అడిగారా?

ఆంధ్రలో ఇంకా స్పష్టంగా కనబడింది. 2019 అక్టోబర్ లో మద్యం షాపుల్ని ప్రభుత్వమే తీసుకుంది. చూస్తుండగానే అందరికీ తెలిసిన బ్రాండ్లు అరుదైపోయి, బూమ్ లాంటి ఎవరూ వినని పేర్లు అరల్లో నిండాయి. 2024 అక్టోబర్ లో మళ్ళీ ప్రైవేటు షాపులొచ్చాయి, పాత బ్రాండ్లూ వచ్చాయి. ఆ ఐదేళ్ళ అమ్మకాల లెక్కలు చూసి "ఆంధ్రావాళ్ళకి బూమ్ అంటే మోజు" అని ఎవడైనా రాస్తే వాణ్ణి ఏమనాలి? మెనూలో ఉప్మా ఒక్కటే పెట్టి, "మా కస్టమర్లందరూ ఉప్మా ప్రియులు" అన్నట్టుంటుంది.

స్ట్రాంగ్ బీరు గురించీ ఇదే ఎగతాళి. మన దేశంలో అమ్ముడయ్యే బీరులో అత్యధిక భాగం స్ట్రాంగే. "కిక్కు కోసం తాగే జాతి" అంటారు. చాలా రాష్ట్రాల్లో పన్ను ఆల్కహాలు శాతాన్ని బట్టి కాకుండా, సీసా లెక్కనో కేసు లెక్కనో పడుతూ వచ్చింది. లైటుకీ స్ట్రాంగుకీ రేటులో పెద్ద తేడా లేనప్పుడు, రోజు కూలీ ఏది కొంటాడు? వాడి లెక్క కరెక్టే. మన టాక్స్ డిజైనే బగ్గు.

అన్నట్టు, మీరు "ఇంటర్నేషనల్" అని ఎక్కువిచ్చి కొనే బడ్వైజర్ 2007లో ఇండియాలో అడుగుపెట్టింది హైదరాబాద్ దగ్గరి బ్రూవరీతో. "లోకల్" అని ముక్కు విరిచే కింగ్‌ఫిషర్ కంపెనీలో 2021 నుంచి మెజారిటీ వాటా డచ్చి హైనెకెన్ ది. అదే 2021 సెప్టెంబర్ లో కాంపిటీషన్ కమిషన్, ఏళ్ళ తరబడి కుమ్మక్కై ధరలు మాట్లాడుకున్నారని కింగ్‌ఫిషర్, కార్ల్స్‌బర్గ్ కంపెనీలకీ మరికొందరికీ కలిపి సుమారు 873 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీలుకి వెళ్ళాయనుకోండి. బడ్వైజర్ వాళ్ళు కూడా ఆ కుమ్మక్కులో ఉన్నవాళ్ళే, ముందుగా వెళ్ళి చెప్పేసినందుకు జరిమానా తప్పించుకున్నారు. లోకలూ ఇంటర్నేషనలూ అందరూ ఒకే బల్ల దగ్గర. టేస్టు గురించి కొట్టుకునేది మనమే!

నేను ఎవర్నీ తాగమనట్లేదు, మానమనట్లేదు. అడిగేది రెండే. పన్ను ఆల్కహాలు శాతాన్ని బట్టి వెయ్యండి. ఏ బ్రాండు లిస్టులోకి ఎందుకెక్కింది, ఏది ఎందుకు పోయిందో జనానికి కనబడేలా బయట పెట్టండి. సీసా ఖరీదులో పెద్ద ముక్క పన్నే అయినప్పుడు ఆ మాత్రం అడిగే హక్కు కొనేవాడికి ఉంది.

అప్పటిదాకా వైన్ షాపు ముందు నిలబడ్డవాడి అభిరుచిని తూకం వెయ్యకండి. వాడి ముందు పెట్టినవి రెండు రకాలు, వాటిలో ఒకటి తీసుకున్నాడు. ఆ రెండూ అక్కడ పెట్టింది ఎవరో అడగండి.

తా.క.: "నేను జర్మనీలో తాగాను, నీకేం తెలుసు" అనే కామెంట్లు రాబోతున్నాయని తెలుసు. స్వాగతం. బవేరియాలో బీరులో ఏమేం వెయ్యాలో 1516లోనే చట్టం చేశారు. అంటే మీరు మెచ్చుకుంటున్నది కూడా చట్టాన్నే :)